బ్యాంకులో కస్టమర్ సర్వీస్ ఉద్యోగం: ఆ మాట వెనక ఎన్ని రకాల కొలువులున్నాయి?

2025లో, బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్ తన నోటిఫికేషన్‌లో క్లర్క్ అనే పేరు తీసేసి ‘కస్టమర్ సర్వీస్ అసోసియేట్’ అని పెట్టింది. స్టేట్ బ్యాంకు చాలాకాలంగా ఇదే స్థాయి ఉద్యోగిని ‘జూనియర్ అసోసియేట్, కస్టమర్ సపోర్ట్ అండ్ సేల్స్’ అంటోంది. ప్రైవేటు బ్యాంకుల ప్రకటనల్లోనూ ఇలాంటి పేర్లే కనిపిస్తాయి. ఇక వాట్సాప్‌లో తిరిగే సందేశాల సంగతి సరేసరి: ‘ప్రముఖ బ్యాంకులో కస్టమర్ సర్వీస్ ఉద్యోగాలు, రాత పరీక్ష లేదు, వెంటనే జాయినింగ్.’ ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలకు ఇవన్నీ ఒకే ఉద్యోగంలా అనిపించడం సహజం. వాళ్ల అమ్మానాన్నలకైతే మరీనూ. ‘మా అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది’ అని ఊరంతా చెప్పుకున్నాక, అది బ్యాంకు ఉద్యోగం కాదనీ, బ్యాంకుకు మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ ఉద్యోగమనీ ఆర్నెల్లకు తెలిస్తే ఆ ఇంట్లో ఎంత బాధ ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ వ్యాసంలో హోదా పేరును పక్కన పెట్టి, నియామక పత్రం ఎవరిస్తున్నారు అన్న ప్రశ్న నుంచి మొదలుపెడుతున్నాను. జీతం, భద్రత, పదోన్నతి, బదిలీ, చివరికి ఎంపిక పద్ధతి కూడా చాలావరకు దాన్నిబట్టే తేలతాయి.

నియామక పత్రం మీద ఎవరి పేరు ఉంటుంది

మొదటిది ప్రభుత్వ రంగ బ్యాంకు. స్టేట్ బ్యాంకు సొంతంగా పరీక్ష పెట్టుకుంటుంది. యూనియన్ బ్యాంకు, కెనరా, ఇండియన్ బ్యాంకు లాంటి మిగతా 11 బ్యాంకులకు ఐబీపీఎస్ ఉమ్మడిగా పరీక్ష నిర్వహిస్తుంది. ఆంధ్రా బ్యాంకు ఇప్పుడెందుకు కనబడదని పెద్దవాళ్లు అడుగుతుంటారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

రెండోది గ్రామీణ బ్యాంకు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లె జనానికి బాగా తెలిసినది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులనూ కలిపేసి, అమరావతి కేంద్రంగా ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు’ను ఏర్పాటు చేశారు. దీని స్పాన్సర్ యూనియన్ బ్యాంకు. ఇందులో కౌంటర్ ఉద్యోగిని ‘ఆఫీస్ అసిస్టెంట్’ అంటారు. దీనికీ ఐబీపీఎస్సే పరీక్ష పెడుతుంది, కానీ నోటిఫికేషన్ వేరు, పరీక్ష తీరు వేరు. ఈ తేడా తెలియక ‘ఐబీపీఎస్ రాశాను కదా’ అని గ్రామీణ బ్యాంకు నోటిఫికేషన్ వదిలేసేవాళ్లు ఉంటారు. అది నిజంగా నష్టం.

మూడోది జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఒక్కొక్కటి ఉంది. స్టాఫ్ అసిస్టెంట్ పోస్టులకు విడిగా ప్రకటన వస్తుంది. ఏటా వస్తుందన్న నమ్మకం లేదు.

నాలుగోది ప్రైవేటు బ్యాంకు. గందరగోళమంతా ఇక్కడే. ఒకే శాఖలో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు బ్యాంకు రోల్స్ మీద, అంటే బ్యాంకు సొంత ఉద్యోగిగా ఉంటారు. ఇంకొకరు థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే ఏజెన్సీ ఉద్యోగిగా ఉంటారు. మెడలో ట్యాగు చూస్తే తేడా తెలియకపోవచ్చు. పీఎఫ్ ఖాతాలో యజమాని పేరు చూస్తే తెలిసిపోతుంది. రిజర్వ్ బ్యాంకు 2006లోనే ఔట్‌సోర్సింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది: నిర్ణయాలు తీసుకునే కీలకమైన పనులను బ్యాంకు బయటివాళ్లకు అప్పగించకూడదు. అందువల్ల ఏజెన్సీ ద్వారా వచ్చేవాళ్లకు ఎక్కువగా ఖాతాలు తెరిపించడం, క్రెడిట్ కార్డులు, రుణాల అమ్మకం, వసూళ్లు, ఫోన్‌లో సమాధానాలు చెప్పడం లాంటి పనులు దక్కుతాయి. చట్టం ఒప్పుకునే ఏర్పాటే ఇది, మోసమేమీ కాదు. కానీ చేరే ముందు తెలిసి చేరడానికీ, తెలియక చేరడానికీ చాలా తేడా ఉంది.

ఈ నాలుగింటికీ చెందనివి మరో రెండున్నాయి. ఒకటి అప్రెంటిస్. స్టేట్ బ్యాంకు 2023 ప్రకటనలో అప్రెంటిస్‌కు నెలకు 15,000 రూపాయల స్టైపెండ్, ఏడాది శిక్షణ అని ఉంది. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత బ్యాంకుకు లేదు. రెండోది ఊళ్లలో చిన్న గదిలో వేలిముద్ర యంత్రంతో డబ్బులిచ్చే బ్యాంక్ మిత్ర. అతనికి వచ్చేది ప్రధానంగా లావాదేవీల మీద కమిషన్. అతను బ్యాంకు తరఫున పనిచేస్తాడు కానీ బ్యాంకు ఉద్యోగి కాదు.

పోటీ రాష్ట్రం వారీగా ఉంటుందంటే అర్థం ఏమిటి

స్టేట్ బ్యాంకుకైనా ఐబీపీఎస్‌కైనా అభ్యర్థి ఒక్క రాష్ట్రానికే దరఖాస్తు చేయాలి. కటాఫ్ కూడా ఆ రాష్ట్రానిదే. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. వయసు 20 నుంచి 28. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు సడలింపు ఉంది. ఈ నిబంధనలు చాలామందికి తెలిసినవే. రాష్ట్రం ఎంపిక ఎంత పెద్ద విషయమో మాత్రం తక్కువమంది గమనిస్తారు.

స్టేట్ బ్యాంకు 2024 డిసెంబర్ ప్రకటననే తీసుకోండి. దేశం మొత్తం మీద 13,735 పోస్టులు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 50, తెలంగాణకు 342. మరుసటి ఏడాది ప్రకటనలో ఆంధ్రప్రదేశ్‌కు 310 వచ్చాయి. అంటే అదే తెలివితేటలున్న అభ్యర్థి, అవే మార్కులతో, ఒక ఏడాది బయట ఉండిపోయి మరో ఏడాది లోపలికి రావచ్చు. మొదటి ప్రయత్నంలో రాలేదని పిల్లల్ని తిట్టే తల్లిదండ్రులు ఈ అంకెలు ఒకసారి చూడాలని నాకనిపిస్తుంది.

మరి తెలంగాణకు దరఖాస్తు చేయొచ్చా? చేయొచ్చు. స్టేట్ బ్యాంకు అడిగేది ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చా అనే. పుట్టిన ఊరు ఏదని అడగదు. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఇంట్లోనూ బడిలోనూ ఒడియా నేర్చుకున్నవాళ్లకు ఒడిశా కూడా ఒక దారే. పదో తరగతి లేదా ఇంటర్ మార్కుల జాబితాలో ఆ భాష చదివినట్టు ఉంటే స్టేట్ బ్యాంకులో విడిగా భాషా పరీక్ష ఉండదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగుకు బదులు వేరే భాష తీసుకున్నవాళ్లకు మాత్రం తెలుగు వచ్చినా సరే ఆ పరీక్ష తప్పదు.

ఇందులో చిక్కు ఒకటుంది. జూనియర్ అసోసియేట్లకు ఒక సర్కిల్ (బ్యాంకు పరిపాలన కోసం విడదీసుకున్న ప్రాంతం) నుంచి ఇంకో సర్కిల్‌కు బదిలీ ఉండదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఆదిలాబాద్‌లో చేరినవాళ్లు రెండేళ్లలో ఆమదాలవలస వచ్చేస్తామనుకుంటే కుదరదు. పోస్టులు ఎక్కువున్న రాష్ట్రం వైపు వెళ్లాలా, ఇంటికి దగ్గరగా ఉండే అవకాశం కోసం ఆగాలా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా తేలుతుంది. ముసలి తల్లిదండ్రులున్న ఒక్కగానొక్క కొడుక్కీ, ఎక్కడికైనా వెళ్లగల అమ్మాయికీ జవాబు ఒకటే కాదు.

ఇంగ్లీష్ సంగతి, మార్కుల లెక్క

తెలుగు మీడియం పిల్లలకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంగ్లీషే. 2021 సెప్టెంబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, ప్రభుత్వ బ్యాంకుల క్లర్క్ పరీక్షలు ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఇంగ్లీష్, హిందీతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో జరగాలని చెప్పింది. అందులో తెలుగు ఉంది. కాబట్టి లెక్కలు, రీజనింగ్ ప్రశ్నలు తెలుగులో చదువుకోవచ్చు. ఇంగ్లీష్ విభాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది, దాన్ని తప్పించుకోలేం.

ప్రిలిమ్స్‌లో 100 మార్కులు: ఇంగ్లీష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. రాజాంలో చదివిన ఒక అబ్బాయి ఇలా రాశాడనుకుందాం. ఇంగ్లీషులో 8 ఒప్పు, 6 తప్పు: 8 నుంచి 1.5 తీస్తే 6.5. లెక్కల్లో 27 ఒప్పు, 4 తప్పు: 26. రీజనింగ్‌లో 30 ఒప్పు, 4 తప్పు: 29. మొత్తం 61.5. స్టేట్ బ్యాంకు క్లర్క్ ప్రిలిమ్స్‌లో విడివిడి సబ్జెక్టులకు కనీస మార్కులు లేవు, మొత్తమే చూస్తారు. ఐబీపీఎస్‌లో మూడు విభాగాల్లోనూ విడిగా కటాఫ్ దాటాలి. ఆ ఏడాది ఇంగ్లీష్ కటాఫ్ 8 అనుకుంటే, 61.5 వచ్చినా ఆ అబ్బాయి అక్కడే ఆగిపోతాడు. ఒకే ఏడాది రెండు పరీక్షలూ రాసి ‘ఒకటి వచ్చింది, ఇంకొకటి పోయింది, ఏదో తేడా జరిగింది’ అని అనుమానపడేవాళ్లకు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. పైగా పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది కాబట్టి, ఏ షిఫ్టు కష్టమో ఏది తేలికో సర్దుబాటు చేశాకే తుది మార్కులు ఇస్తారు. అందుకే మన లెక్కకూ వాళ్ల లెక్కకూ కొంత తేడా వస్తుంది. ప్రిలిమ్స్ మార్కులు తర్వాత కలపరు. తుది జాబితా మెయిన్స్‌ను బట్టే. ఇంటర్వ్యూ లేదు.

గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్ష ఇక్కడే పల్లె పిల్లలకు అండగా నిలుస్తుంది. దాని ప్రిలిమ్స్‌లో 80 మార్కులకు రీజనింగ్, లెక్కలు మాత్రమే ఉంటాయి. ఇంగ్లీష్ లేదు. మెయిన్స్‌లో ఇంగ్లీష్ లేదా హిందీ, ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. 18 ఏళ్లకే అర్హత మొదలవుతుంది. లెక్కలు బాగా వచ్చి ఇంగ్లీష్ దగ్గర తడబడే వాళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ లేరు. వాళ్లకు ఇది రెండో ఎంపిక ఎందుకు కావాలో నాకర్థం కాదు. జీతం స్కేలు కూడా జాతీయ బ్యాంకులతో సమానంగానే ఉంటుంది.

కుల ధ్రువపత్రం దగ్గర ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన ఇబ్బంది

రాష్ట్ర ప్రభుత్వ బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. ప్రభుత్వ బ్యాంకులు చూసేది కేంద్ర జాబితా. రాష్ట్రంలో బీసీగా ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోని కొన్ని కులాలను కేంద్ర జాబితాలో చేర్చాలన్న డిమాండ్ ఏళ్ల తరబడి వినిపిస్తోంది. స్కాలర్‌షిప్ బీసీగా తీసుకుని, కాలేజీ సీటు బీసీగా తీసుకున్న అమ్మాయి బ్యాంకు దరఖాస్తులోనూ ఓబీసీ అని పెట్టేస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో కేంద్ర ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ పత్రం (ఓబీసీల్లో పైస్థాయి కుటుంబం కాదని చూపేది) అడిగినప్పుడు విషయం బయటపడుతుంది. అప్పటికి పరీక్ష గెలిచేసి ఉంటుంది కూడా. ఇంతకన్నా అన్యాయంగా అనిపించే ఓటమి ఇంకొకటి ఉండదు.

కేంద్ర జాబితాలో లేని కులాల వాళ్లకు కేంద్ర ఉద్యోగాల వరకు ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా కింద అర్హత ఉండొచ్చు. కానీ లెక్కలు వేరు. ఓబీసీ క్రీమీలేయర్‌కు 8 లక్షల పరిమితి చూసేటప్పుడు తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం అందులో కలపరు. జీతగాళ్ల విషయంలో తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో అన్ని ఆదాయాలూ కలిపే 8 లక్షలు చూస్తారు. పైగా కుటుంబానికి ఐదెకరాలు లేదా అంతకుమించి సాగు భూమి ఉంటే అర్హత పోతుంది. నీళ్లులేని మెట్ట అయినా ఐదెకరాలు ఐదెకరాలే.

జీతం: చెప్పే అంకె, చేతికొచ్చే అంకె

ప్రభుత్వ బ్యాంకుల్లో జీతం, యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరే ద్వైపాక్షిక ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. 2024 మార్చిలో కుదిరిన పన్నెండో ఒప్పందం ప్రకారం గుమస్తా మూలవేతనం 24,050తో మొదలవుతుంది. డిగ్రీ ఉన్నవాళ్లకు స్టేట్ బ్యాంకు చేరేటప్పుడే రెండు ఇంక్రిమెంట్లు కలుపుతుంది. ఒక్కోటి 1,340 కాబట్టి 26,730. దాని మీద కరువు భత్యం, ఇంటద్దె, ఇతర అలవెన్సులు. ముంబై లాంటి మహానగరంలో మొత్తం దాదాపు 46,000 అని స్టేట్ బ్యాంకు ప్రకటనలో ఉంటుంది. టెక్కలిలోనో చీపురుపల్లిలోనో కొంచెం తక్కువ వస్తుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. కరువు భత్యం మూడు నెలలకోసారి మారుతుంది.

ప్రైవేటు ప్రకటనల్లో ‘ఏడాదికి 2.4 లక్షల సీటీసీ’ అని కనిపిస్తుంది. సీటీసీ అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. 12తో భాగిస్తే 20,000. చేతికి అంత రాదు. ఒక నమూనా లెక్క వేద్దాం. అందులో టార్గెట్ చేస్తేనే వచ్చే వేరియబుల్ నెలకు 2,000 అనుకుంటే మిగిలేది 18,000. మూలవేతనం 10,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 1,200, గ్రాట్యుటీ దాదాపు 480, ఈఎస్ఐ వాటా దాదాపు 500, ఇవన్నీ సీటీసీలోనే కలిపి చెబుతారు. తీసేస్తే 15,800 చిల్లర. అందులోంచి మన వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ ఓ 120, వృత్తి పన్ను 150 పోతే చేతికొచ్చేది 14,300 ప్రాంతం. విశాఖలో హాస్టల్ అద్దె, తిండి, బస్సు ఖర్చులు తీశాక ఇంటికి పంపడానికి ఏమీ మిగలకపోవచ్చు. పీఎఫ్, గ్రాట్యుటీ దండగ అని కాదు, అవి మన డబ్బే. గ్రాట్యుటీ మాత్రం మామూలుగా ఐదేళ్లు అక్కడే పనిచేస్తే గానీ చేతికి రాదు.

కౌంటర్ వెనక పని ఎలా ఉంటుంది

పరీక్ష గురించి వంద వీడియోలు దొరుకుతాయి. పని గురించి చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ముప్పై ఏళ్లు చేయాల్సింది పరీక్ష కాదు, ఆ పని.

పొద్దున్న క్యాష్ తీసుకుని కూర్చుంటే సాయంత్రం పైసాతో సహా సరిపోవాలి. తగ్గితే ఆ లోటు సాధారణంగా క్యాషియరే కట్టుకోవాలి. దొంగనోటు వస్తే తిరిగి ఇచ్చేయకూడదు, ముద్ర వేసి జప్తు చేసి రసీదు ఇవ్వాలి. ఒకే లావాదేవీలో ఐదు లేదా అంతకుమించి వస్తే పోలీసు కేసు. జీడిపప్పు బేరం నడిచే పలాసలో సీజన్‌లో నోట్ల కట్టల మధ్య ఈ పని ఎంత జాగ్రత్త అడుగుతుందో ఊహించుకోవచ్చు.

క్యాష్ కాని రోజుల్లో పాస్‌బుక్ ప్రింటు, కేవైసీ, ఫోన్ నంబరు మార్పు, డ్వాక్రా సంఘాల తీర్మానాలు, బంగారు రుణాలు, నవంబర్‌లో పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాలు. ఓటీపీ చెప్పేసి డబ్బు పోగొట్టుకున్న మనిషి ఏడుస్తూ వచ్చేదీ ఈ కౌంటర్ దగ్గరికే. ఆ క్షణంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు వెంటనే ఫోన్ చేయించి, ఖాతా ఆపించగలిగే గుమస్తా ఉంటే డబ్బు నిలిచే అవకాశం ఉంటుంది. చదువురాని ముసలమ్మకు ‘ఫారం నింపి తీసుకురా’ అని విసుక్కునే వాళ్లున్నారు, తనే నింపి వేలిముద్ర వేయించే వాళ్లూ ఉన్నారు. సీతంపేట వైపు సవర మాట్లాడే రైతుకు తెలుగులోనైనా నెమ్మదిగా చెప్పే మనిషి కావాలి. స్థానిక భాష నిబంధన ఎందుకుందో ఇలాంటి చోట కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇంకో సంగతి: స్టేట్ బ్యాంకు హోదా పేరులోనే ‘సేల్స్’ ఉంది. బీమా పాలసీ, క్రెడిట్ కార్డు, మొబైల్ యాప్ నమోదు లాంటి టార్గెట్లు ప్రభుత్వ బ్యాంకుల్లోనూ ఉంటాయి. ఉద్యోగ సంఘాలు ఈ ఒత్తిడి సేవను దెబ్బతీస్తోందని అంటాయి. వడ్డీ ఆదాయం ఒక్కటే సరిపోని ఈ పోటీలో అమ్మకాలు లేకుండా శాఖ నడవదని యాజమాన్యాలు అంటాయి. రెండు మాటల్లోనూ నిజముంది. తేడా ఎక్కడంటే, ప్రభుత్వ బ్యాంకులో టార్గెట్ తప్పితే మాట పడాలి, ఏజెన్సీ పేరోల్‌లో తప్పితే ఉద్యోగమే పోవచ్చు.

డబ్బు అడిగేవాళ్లు, పాత అప్పులు

ప్రభుత్వ బ్యాంకు దరఖాస్తు రుసుము తప్ప ఇంకేమీ తీసుకోదు. స్టేట్ బ్యాంకులో అది జనరల్, ఓబీసీలకు 750, ఎస్సీ, ఎస్టీలకు లేదు. డిపాజిట్, యూనిఫాం ఖర్చు, లాప్‌టాప్ సెక్యూరిటీ పేరుతో ముందుగా డబ్బు అడిగితే అది ఆ బ్యాంకు కాదు. కొన్ని ప్రైవేటు బ్యాంకులు మాత్రం శిక్షణ సంస్థలతో కలిసి, రుసుము కట్టించుకుని కోర్సు ముగిశాక ఉద్యోగమిచ్చే పద్ధతి నడుపుతాయి. కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం హామీనా, అవకాశమేనా, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగొస్తుందా అన్నది ఒప్పంద పత్రంలోనే ఉంటుంది, కౌన్సెలర్ మాటల్లో కాదు.

చాలామందికి చివర్లో తగిలే దెబ్బ సిబిల్, అంటే మన అప్పుల చెల్లింపు రికార్డు. రుణాలు, క్రెడిట్ కార్డు బకాయిలు ఎగ్గొట్టినట్టు రికార్డుంటే నియామకానికి అర్హత ఉండదని స్టేట్ బ్యాంకు ప్రకటనలో స్పష్టంగా ఉంటుంది. కాలేజీ రోజుల్లో ఫోన్ యాప్‌లో మూడు వేలు అప్పు తీసుకుని మరిచిపోయిన కుర్రాడికి, స్నేహితుడి బండి రుణానికి హామీ సంతకం పెట్టిన వాడికి ఇది తెలియాలి. బకాయి తీర్చేసి, అప్పిచ్చిన సంస్థ నుంచి ‘ఇక బాకీ లేదు’ అని పత్రం తీసుకుంటే, అది రికార్డులో ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. చేరే తేదీ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఆగాలా, దొరికినదాంట్లో చేరాలా

దీని మీద రెండు వాదనలు గట్టిగా వినిపిస్తాయి. ఆగమనేవాళ్లు చెప్పేది: మూడు నాలుగు ఏళ్లు కష్టపడినా ముప్పై ఏళ్ల భద్రత వస్తుంది, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పాసైతే ఇంక్రిమెంట్లూ పదోన్నతీ ఉన్నాయి, గుమస్తాగా చేరి మేనేజర్లయినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఇవన్నీ నిజాలే.

చేరమనేవాళ్లు అడిగేది: పోస్టులు 50 ఉన్న ఏడాది ఎదురైతే ఏం చేస్తారు? ఇంట్లో తిండికి ఇబ్బంది ఉన్న అమ్మాయి మూడేళ్లు కోచింగ్ ఫీజు, గది అద్దె ఎలా కడుతుంది? ఆడపిల్లకు ఆ మూడేళ్లలో ఇంట్లో పెళ్లి మాట ఎత్తకుండా ఉంటారా? ఇవీ నిజాలే. ప్రైవేటు బ్యాంకులో రోల్స్ మీద ఉన్న మంచి ఉద్యోగి నాలుగైదేళ్లలో గుమస్తాను దాటి సంపాదించడమూ ఉంది, మొదటి ఏడాదే టార్గెట్ల ఒత్తిడికి మానేయడమూ ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జనరల్ అభ్యర్థికి 22 ఏళ్లకు డిగ్రీ అయింది. 28 వరకు ఆరేళ్లు. ఏటా స్టేట్ బ్యాంకు, ఐబీపీఎస్, గ్రామీణ బ్యాంకు మూడూ వస్తాయనుకున్నా దాదాపు 18 అవకాశాలు. ఒకటి రెండేళ్లు పూర్తిగా చదివి, తర్వాత ఉద్యోగం చేస్తూ రాసినా పదికి పైగా మిగులుతాయి. గుమస్తా పరీక్షలో ప్రైవేటు అనుభవానికి మార్కులు లేవు, అలాగని ఏ నష్టమూ లేదు. 26 ఏళ్లకు మొదలుపెట్టిన వాడికి మాత్రం అదే లెక్క ఆరే. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే కోచింగ్ సెంటర్ మాట మీద కన్నా, వయసు, ఇంటి పరిస్థితి, ఇంగ్లీష్ ఎక్కడుందో చూసుకున్న లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ.